కడిగాక మిగిలే కరెంటు

మీ ఇంట్లో ఎవరిదైనా థైరాయిడ్ రిపోర్టు ఉంటే ఒకసారి తీసి చూడండి. టీఎస్‌హెచ్ అంకె కింద చిన్న అక్షరాల్లో ‘మెథడ్: ఈసీఎల్ఐఏ’ అని ఉండొచ్చు. కొన్ని ల్యాబుల్లో ఆ మొదటి ‘ఈ’ ఉండదు, వాళ్ల మిషను వేరు. ఉన్నవాళ్ల సంగతి చెబుతాను. మీ రక్తంలోని ఒక ప్రోటీనును పట్టుకుని, దాన్ని ఎలక్ట్రోడు మీద కూర్చోబెట్టి, కాస్త వోల్టేజి ఇచ్చి, అది ఎంత ఉందో లెక్కగట్టారని అర్థం. అంటే మనలో చాలామంది ఎలక్ట్రోకెమికల్ పరీక్ష ఎప్పుడో చేయించుకున్నాం. బిల్లు కట్టాం, రిపోర్టు మడిచి బీరువాలో పెట్టాం. ఆ సంగతి ఎవరూ మనకు చెప్పలేదు, మనమూ అడగలేదు.

నేను పల్నాడులో ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. నా పీహెచ్‌డీ ఎలక్ట్రోడ్ల మీద. పీహెచ్‌డీ అంటే పెద్ద మాట గానీ, అందులో సగం కాలం నేను చేసింది తోమడమే. గ్లాసీ కార్బన్ అని నల్లగా నిగనిగలాడే ఎలక్ట్రోడు ఉంటుంది. దాని కొసన 3 మిల్లీమీటర్ల బిళ్ల. తడి గుడ్డ మీద అల్యూమినా పొడి చల్లి, ఇంగ్లీషు ఎనిమిది అంకె వేస్తున్నట్టు ఆ బిళ్లను తిప్పుతూ అరగదీయాలి. ముందు 1 మైక్రాన్ పొడి, తర్వాత 0.3, చివరకు 0.05. మా గైడు గారు వచ్చి అద్దంలో చూసుకున్నట్టు ఆ బిళ్లలోకి చూసి, “ఇంకొంచెం తోమమ్మా” అని వెళ్లిపోయేవారు. ఆయన ఇంకో మాట కూడా అనేవారు: “నీ సెన్సరు ఏం పట్టుకుంటుందో తర్వాత చెబుదువుగాని, ఏం పట్టుకోదో ముందు చెప్పు.” ఈ రంగం గురించి నాకు తెలిసినదంతా ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

మా ఊళ్లో రక్త పరీక్షల ల్యాబు నడిపే కుర్రాడు నా పాత విద్యార్థి. వానాకాలం జ్వరాల సీజన్లో ఒక సాయంత్రం అడిగాడు. “మేడమ్, షుగర్ మిషను ఐదు సెకన్లలో అంకె చెప్పేస్తుంది కదా. డెంగీకి, గుండెపోటుకి అలాంటి స్ట్రిప్పు ఎందుకు చేయరు?” న్యాయమైన ప్రశ్నే. నాకు తెలిసినంత మేరకు దానికి జవాబు రాస్తున్నాను.

ముందు షుగర్ స్ట్రిప్పు సంగతి. 1962లో అమెరికాలో లీలండ్ క్లార్క్ అనే శాస్త్రవేత్త, ఛాంప్ లయన్స్‌తో కలిసి ఒక ఆలోచన ప్రకటించాడు. ఆక్సిజన్‌ను కొలిచే ఎలక్ట్రోడు అప్పటికే ఆయన చేతిలో ఉంది, దాన్ని కనిపెట్టిందీ ఆయనే. దాని మీద గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైమును పలచటి పొరగా పెట్టాడు. గ్లూకోజు ఎంత ఎక్కువ ఉంటే ఎంజైము అంత ఆక్సిజన్ తినేస్తుంది, ఎలక్ట్రోడు దగ్గర కరెంటు అంత తగ్గుతుంది. 1984లో ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్, క్రాన్‌ఫీల్డ్ శాస్త్రవేత్తలు ఆక్సిజన్‌ను పక్కన పెట్టి ఫెర్రోసీన్ వాడి చూపించారు. నారింజ రంగు స్ఫటికాలు, సీసా మూత తీస్తే కర్పూరం లాంటి వాసన. రెండు కర్బన వలయాల మధ్య ఒక ఇనుప పరమాణువు ఇరుక్కుని ఉంటుంది. ఎలక్ట్రానును వదిలేయడం, మళ్లీ తెచ్చుకోవడం దానికి మహా తేలిక. ఎంజైము దగ్గర ఎలక్ట్రాను తీసుకుని ఎలక్ట్రోడుకు అందిస్తుంది. 1987లో ఎగ్జాక్‌టెక్ పేరుతో పెన్ను ఆకారంలో ఇంట్లో వాడుకునే మీటరు బజారులోకి వచ్చింది. ఈ ఫెర్రోసీన్‌ను గుర్తుపెట్టుకోండి, ఇంకో చోట పనికొస్తుంది.

షుగర్‌కు ఇంత సులువుగా కుదరడానికి రెండు కారణాలు. ఒకటి, ఆ ఎంజైము ఇంచుమించు గ్లూకోజును తప్ప ఇంకోదాన్ని ముట్టదు. రెండోది, గ్లూకోజు రక్తంలో కుప్పలుగా ఉంటుంది. పరగడుపున డెసిలీటరుకు 100 మిల్లీగ్రాములు అనుకుందాం. ఇక గుండెపోటు వస్తే రక్తంలోకి జారే ట్రోపోనిన్-టి అనే ప్రోటీనును చూడండి. ఇప్పటి సున్నితమైన పరీక్షలో దాని హద్దు లీటరుకు 14 నానోగ్రాములు. అణువుల లెక్కన చూస్తే, ఒక ట్రోపోనిన్‌కు ఎదురుగా 1,400 కోట్లకు పైగా గ్లూకోజు అణువులు ఉంటాయి. అంతటితో అయిపోలేదు. అదే లీటరు రక్తద్రవంలో అల్బుమిన్ అనే ఇంకో ప్రోటీను 40 గ్రాముల దాకా ఉంటుంది. బరువులో ట్రోపోనిన్ కన్నా 280 కోట్ల రెట్లు. అదీ ప్రోటీనే, ఇదీ ప్రోటీనే. ఎలక్ట్రోడుకు ఎవరైనా ఒకటే. ముందు ఎవరొస్తే వాళ్లు అతుక్కుంటారు.

ఈ అతుక్కోవడం ఎలా ఉంటుందో చూపించడానికి మా పిల్లల చేత ఒక ప్రయోగం చేయిస్తాను. మటన్ కొట్టు నుంచి తెచ్చిన రక్తంలో గడ్డకట్టకుండా సోడియం సిట్రేట్ కలుపుతాం. (“కాలేజీ వాళ్లకి రక్తం ఎందుకమ్మా, ఫ్రై చేస్తారా?” అని కొట్టాయన ప్రతిసారీ అడుగుతాడు.) శుభ్రంగా తోమిన ఎలక్ట్రోడును ముందు పొటాషియం ఫెర్రిసయనైడ్ ద్రావణంలో పెట్టి వోల్టేజిని మెల్లగా పెంచి, మెల్లగా దించితే తెర మీద రెండు చక్కటి కొండలు వస్తాయి, ఒకటి పైకి, ఒకటి కిందికి. తర్వాత అదే ఎలక్ట్రోడును కాసేపు రక్తంలో ఉంచి, పైపైన కడిగి మళ్లీ కొలిస్తే కొండలు చితికిపోయి దిబ్బలవుతాయి. పాలు కాచిన గిన్నె అడుగున పట్టే పొర ఉంటుందే, అలాంటిదే ఇక్కడా పట్టింది. నీళ్లు పోసి తొలిస్తే పోదు.

ఇప్పుడు మన దేశంలో గానీ బయట గానీ అచ్చయ్యే పరిశోధన పత్రాల్లో చాలా వాటి పద్ధతి ఇదే, కాకపోతే తలకిందులుగా. ఎలక్ట్రోడు మీద ఒక యాంటీబాడీని గానీ, ఒంటి పోచ డీఎన్‌ఏను గానీ నాటుతారు. వెతుకుతున్నది వచ్చి దానికి తగులుకుంటే ఫెర్రిసయనైడ్‌కు దారి మూసుకుపోయి కరెంటు తగ్గుతుంది. తగ్గిన కరెంటే సాక్ష్యం. ఉప్పు నీళ్ల బఫర్లో ఇది ముత్యంలా పనిచేస్తుంది. రక్తంలో పెడితే దారికి అడ్డం పడింది ఎవరో ఆ కరెంటుకు తెలియదు. ట్రోపోనిన్ అడ్డుపడినా తగ్గుతుంది, అల్బుమిన్ అడ్డుపడినా తగ్గుతుంది. కాబట్టి ఎవరైనా “మా సెన్సరు ఇంత తక్కువను పట్టింది” అని చూపిస్తే నేను మొదట చూసేది అంకెను కాదు, ఏ ద్రవంలో కొలిచారన్నది.

అంకెల విషయంలో కూడా మావాళ్లు కొంచెం అత్యుత్సాహం చూపిస్తుంటారు. అట్టోమోలార్, జెప్టోమోలార్ అని రాస్తారు. ఒక జెప్టోమోలార్ అంటే లీటరుకు దాదాపు 600 అణువులు. మనం ఎలక్ట్రోడు మీద వేసేది 50 మైక్రోలీటర్ల చుక్క. లెక్క వేస్తే అలాంటి చుక్కలు 33 వేస్తే ఒక్క అణువు దొరుకుతుంది. మిగతా 32 చుక్కల్లో ఏం పట్టుకున్నట్టు? క్లాసులో ఈ లెక్క చేయించినప్పుడు పిల్లలు నవ్వుతారు. నవ్వాలనే చేయిస్తాను.

డీఎన్‌ఏకీ ఎలక్ట్రోడుకీ పరిచయం షుగర్ స్ట్రిప్పు కన్నా పాతదే. చెక్ దేశంలో యారోస్లావ్ హెయ్‌రోవ్‌స్కీ 1922లో పోలరోగ్రఫీ అనే పద్ధతి కనిపెట్టాడు. సన్నటి గొట్టం నుంచి పాదరసం బొట్టుబొట్టుగా రాలుతుంటుంది, ఆ బొట్టే ఎలక్ట్రోడు. ప్రతి బొట్టుతో కొత్త ముఖం వస్తుంది కనుక తోమే పనే లేదు. (నా యౌవనాన్ని తలుచుకుంటే ఆయన మీద అసూయ.) దానికి 1959లో నోబెల్ వచ్చింది. మరుసటి ఏడాది, అదే దేశంలోని బ్ర్నో నగరంలో ఎమిల్ పాలెచెక్ అనే ముప్ఫై ఏళ్లవాడు డీఎన్‌ఏ ద్రావణాన్ని పాదరసపు ఎలక్ట్రోడు ముందు పెట్టి ‘నేచర్’ పత్రికలో ఒక పత్రం వేశాడు. డీఎన్‌ఏ కూడా ఎలక్ట్రోడు దగ్గర సంకేతం ఇస్తుందని అందులోని సారాంశం. ఆ బ్ర్నోలోనే అంతకు వందేళ్ల ముందు మెండెల్ అనే క్రైస్తవ సన్యాసి బఠాణీ మొక్కలు పెంచి వారసత్వం లెక్కలు తీశాడు. ఒక ఊరికి ఇంత అదృష్టం అరుదు.

పాలెచెక్ గమనించిన వాటిలో నాకు బాగా నచ్చింది ఒకటుంది. డీఎన్‌ఏ జంట పోచలుగా మెలికపడి ఉన్నప్పుడు ఒక సంకేతం, వేడి చేసి విడదీస్తే ఇంకో సంకేతం. జంటగా ఉన్నప్పుడు క్షారాలు లోపలి వైపు ఒకదానికొకటి చేతులు కలుపుకుని ఉంటాయి, ఎలక్ట్రోడుకు తేలిగ్గా అందవు. విడిపోతే బయటపడతాయి. అంటే ఒంటరిగా ఉందా జంటగా ఉందా అన్నది కరెంటును బట్టి చెప్పొచ్చు. జన్యు పరీక్షకు కావలసింది అంతకన్నా ఏముంది? మనం ఒంటి పోచను సిద్ధంగా పెట్టి ఉంచుతాం. దానికి సరిపడే వరస రోగి నమూనాలో ఉంటే జంట కడుతుంది. క్షారాల్లో ఏ-కి ఎదురు టీ, జీ-కి సీ, ఆ పొత్తు ఎక్కడా మారదు.

ఆ మాటను పరీక్షగా మార్చింది మాంట్రియల్‌లోని కాంకోర్డియా యూనివర్సిటీలో సూసన్ మికెల్‌సన్, ఆమెతో పనిచేసిన మిలన్. 1993లో వాళ్లు కార్బన్ ఎలక్ట్రోడుకు ఒంటి పోచను అతికించి, ఒక కోబాల్టు సమ్మేళనాన్ని కలిపారు. జంట పోచ ఏర్పడితే ఆ కోబాల్టు దాని దగ్గర ఎక్కువగా చేరుతుంది, కరెంటు పెరుగుతుంది. తర్వాత సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే వంశపారంపర్య జబ్బుకు కారణమైన మార్పును ఇలా గుర్తించి చూపించారు.

ఇక నేను చాలా ఇష్టపడే సెన్సరు. 2003లో కాలిఫోర్నియాలోని శాంటా బార్బరాలో కెవిన్ ప్లాక్స్‌కో, అలన్ హీగర్, చున్‌హాయ్ ఫాన్ కలిసి చేసింది. హీగర్‌కు అప్పటికే, 2000లో, కరెంటును మోసే ప్లాస్టిక్‌ల మీద పనికి నోబెల్ వచ్చింది. వాళ్లు ఒక డీఎన్‌ఏ పోచ తీసుకున్నారు. దాని రెండు చివరలూ తమలో తాము జత కట్టుకుని హెయిర్‌పిన్‌లా ముడుచుకునేట్టు వరస రాశారు. ఒక చివర గంధకం, అది బంగారానికి గట్టిగా అంటుకుంటుంది. రెండో చివర మన కర్పూరం వాసన ఫెర్రోసీన్. పోచ ముడుచుకుని ఉన్నంతసేపూ ఫెర్రోసీన్ బంగారం పక్కనే ఉంటుంది, ఎలక్ట్రాన్లు ఇటూ అటూ జోరుగా వెళ్తుంటాయి. వెతుకుతున్న డీఎన్‌ఏ వచ్చి జతకడితే ముడి విప్పుకుని నిటారుగా నిలబడుతుంది. ఫెర్రోసీన్ దూరమవుతుంది, కరెంటు పడిపోతుంది.

ఇందులోనూ కరెంటు తగ్గడమే కదా, మరి గొప్పేమిటి అంటారేమో. ఇక్కడ కరెంటు ఇచ్చేది బయటినుంచి కలిపిన ఫెర్రిసయనైడ్ కాదు, పోచ చివర కట్టి ఉన్న ఫెర్రోసీన్. అల్బుమిన్ వచ్చి పక్కన కూర్చున్నంత మాత్రాన పోచ ముడి విప్పుకోదు. విప్పించడానికి సరైన వరసే రావాలి. అందుకే వీళ్ల సెన్సర్లు సీరంలో కూడా నిలబడ్డాయి. పైగా వేడి చేసో రసాయనంతో కడిగో వచ్చినదాన్ని వదిలిస్తే పోచ మళ్లీ ముడుచుకుంటుంది, ఇంకోసారి వాడొచ్చు. తర్వాత ఫెర్రోసీన్ బదులు మెథిలీన్ బ్లూ వాడడం ఎక్కువైంది, రక్తంలో అది ఇంకా నిలకడగా ఉంటుంది. మన కాలేజీ ల్యాబుల్లో సూక్ష్మజీవులకు రంగు వేయడానికి వాడే నీలమే అది.

డీఎన్‌ఏ పోచలు డీఎన్‌ఏనే కాదు, ప్రోటీన్లనూ పట్టగలవు. 1990లో రెండు బృందాలు విడివిడిగా ఒక పద్ధతి చూపించాయి. కోట్లకొద్దీ యాదృచ్ఛిక వరసల్లోంచి ఫలానా అణువుకు అతుక్కునేవాటిని ఏరి, పెంచి, మళ్లీ ఏరి చివరకు మిగిలినవాటిని తీసుకోవడం. వాటిని ఆప్టామర్లు అంటారు. రక్తం గడ్డకట్టడంలో పాల్గొనే థ్రాంబిన్ అనే ప్రోటీనుకు ఇలాంటి పోచను ఎలక్ట్రోడు మీద పెట్టి పనిచేయించారు. 2017లో శాంటా బార్బరా బృందం బతికున్న ఎలుకల రక్తనాళాల్లో ఇలాంటి సెన్సర్లు ఉంచి, మందుల మోతాదు ఎక్కడం దిగడం గంటలకొద్దీ కొలిచింది. అవి చిన్న అణువులు కనుక మన కథకు కొంచెం పక్కది. దాన్ని వదిలేద్దాం.

ల్యాబు కుర్రాడి ప్రశ్నకు ఇప్పుడు సూటిగా జవాబు. ప్రోటీనుకు కాళ్లూ చేతులూ లాంటి రెండు చోట్ల రెండు యాంటీబాడీలు పట్టుకునేట్టు చేయడం ఇప్పటివరకూ నమ్మదగిన దారి. ఒకటి ఎలక్ట్రోడుకు కట్టేస్తుంది, రెండోది సంకేతం మోస్తుంది. రెండూ ఒకేసారి తగిలితేనే లెక్కలోకి వస్తుంది. అయితే తగలని రెండో యాంటీబాడీలు కూడా అక్కడే తేలుతుంటాయి, వాటిని వెళ్లగొట్టాలి. అంటే కడగాలి. థైరాయిడ్ మిషనులో ఒక యాంటీబాడీ అయస్కాంతపు పూసలకు కట్టి ఉంటుంది, రెండోదానికి రుథీనియం లోహం. అయస్కాంతం ఆ పూసలను ప్లాటినం ఎలక్ట్రోడు మీదికి లాగి పట్టుకుంటుంది, మిగతాదంతా కొట్టుకుపోతుంది, అప్పుడు వోల్టేజి ఇస్తే పూసల మీద మిగిలిన రుథీనియం ఎర్రగా వెలుగుతుంది. మొత్తం 18 నిమిషాలు. అంత పెద్ద మిషనులో ఎలక్ట్రోడు ఉండేది వేలెడంత జాగాలో. మిగతావి పంపులు, గొట్టాలు, సూదులు, కడిగిన నీళ్లు పట్టే డబ్బా. “అంటే మేడమ్, లక్షలు పోసి కొనేది వాషింగ్ మిషనా?” అన్నాడు. చాలావరకు అంతే బాబూ అన్నాను.

అబాట్ కంపెనీ వాళ్ల ఐ-స్టాట్ ఆ కడగడాన్ని అరచేతిలోకి తెచ్చింది. గుండెనొప్పితో వచ్చినవాళ్లకు ట్రోపోనిన్-ఐ చూసే చిన్న కార్ట్రిడ్జి అది. రక్తం చుక్కలు వేసి మూత పెట్టి మిషనులో తోస్తే, లోపలే ఉన్న ద్రవం సెన్సరు మీదినుంచి రక్తాన్ని తోసేస్తుంది. రెండో యాంటీబాడీకి కట్టిన ఎంజైము ఆ ద్రవంలోని పదార్థాన్ని కోసి, ఎలక్ట్రాన్లు తేలిగ్గా వదిలే అమైనోఫినాల్‌గా మారుస్తుంది. ఒక్కో ఎంజైము అలాంటివి వేలకొద్దీ చేసిపెడుతుంది కనుక చిన్న సంకేతం పెద్దదవుతుంది. సుమారు 10 నిమిషాల్లో అంకె వస్తుంది. పనిచేస్తుంది, ఆసుపత్రుల్లో వాడుతున్నారు. కానీ స్ట్రిప్పు ధరకు రాదు. ఒకసారి వాడి పారేసే ఆ కార్ట్రిడ్జిలో సిలికాన్ చిప్పు, ద్రవం సంచి, కవాటాలు అన్నీ ఉన్నాయి మరి.

న్యూక్లియిక్ ఆమ్లాల వైపు కథ ఇంకా చిత్రమైనది. కోవిడ్ సమయంలో అమెరికాలో శాన్ డియాగోకు చెందిన క్యూ హెల్త్ అనే కంపెనీ ముక్కులోంచి తీసిన నమూనాను ఇంట్లోనే పరీక్షించే చిన్న పెట్టెను అమ్మింది. అది వైరస్ ఆర్‌ఎన్‌ఏను ఒకే ఉష్ణోగ్రత దగ్గర పెంచి, 20 నిమిషాల్లో కరెంటు ద్వారా జవాబు చెబుతుంది. 2021 మార్చిలో దానికి డాక్టరు చీటీ లేకుండా అమ్ముకునే అత్యవసర అనుమతి వచ్చింది, అదే ఏడాది కంపెనీ స్టాక్ మార్కెట్‌కు వెళ్లింది. 2024 మేలో దివాలా తీసి మూతపడింది. మహమ్మారి పోయాక కొనేవాళ్లు తగ్గారు, అనుమతి లేని మార్పులు చేశారని నియంత్రణ సంస్థ హెచ్చరించింది కూడా. ఎలక్ట్రోడు తప్పు చేసిందని నేను అనుకోను. జ్వరం వస్తే తప్ప పనికిరాని పెట్టెను రోజూ గుచ్చుకునే షుగర్ స్ట్రిప్పుల్లా అమ్మడం ఎవరి తరమూ కాదు.

మన దగ్గర? బెంగళూరు ఐఐఎస్‌సీ ప్రొఫెసర్ నవకాంత భట్ పరిశోధనల్లోంచి పుట్టిన పాథ్‌శోధ్ అనే కంపెనీ తెలివైన దారి పట్టిందని నా అభిప్రాయం. దొరకని ట్రోపోనిన్ వెంట పడకుండా, రక్తంలోనూ మూత్రంలోనూ పుష్కలంగా దొరికే ప్రోటీన్లను ఎంచుకుంది. హిమోగ్లోబిన్, మూడు నెలల షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ, మూత్రంలో అల్బుమిన్. ఇవి షుగర్ రోగికి పదేపదే కావలసినవి, చేతిలో పట్టే ఒకే మీటరుతో చూస్తుంది. మన హైదరాబాదులో ఐఐటీలో సన్నటి నానో పోగులతో చేసిన ఎలక్ట్రోడ్ల మీద డెంగీ, మలేరియా గుర్తుల కోసం పనిచేశారు. బిట్స్ పిలానీ హైదరాబాద్ క్యాంపస్‌లో లేజరుతో కాల్చి గ్రాఫీన్ ఎలక్ట్రోడ్లు గీస్తున్నారు. ఇవి అంగట్లోకి ఎప్పుడొస్తాయన్నది వేరే లెక్క.

ఆ లెక్కలో రసాయనం కన్నా మొండిది ఎండ. రెంటచింతల మా జిల్లాదే, వేసవిలో వార్తల్లో చూస్తుంటారు. యాంటీబాడీ కూడా ప్రోటీనే, తడితో వేడి తగిలితే మెలిక తప్పుతుంది, ఇక దేన్నీ పట్టదు. అందుకే కార్ట్రిడ్జిలు ఫ్రిజ్‌లో పెట్టమంటారు, కరెంటు పోతే ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నర్సమ్మ ఐస్ డబ్బా వెతుక్కుంటుంది. ట్రెహలోజ్ అనే చక్కెరతో కలిపి ఆరబెడితే కొంత కాపాడుతుంది. ఎండబెట్టిన డీఎన్‌ఏ పోచ మాత్రం వేడికి యాంటీబాడీ కన్నా బాగా ఓర్చుకుంటుంది. నష్టం ఎక్కువగా దాన్ని బంగారానికి కట్టిన గంధకం ముడి దగ్గర వస్తుంది.

ఈ ఏడాది మా డిగ్రీ చివరి సంవత్సరం పిల్లలకు ఇచ్చిన పని ఈ తేడాను కొలిచి చూడడమే. కొలిచే మిషను కొనలేదు. శాంటా బార్బరా వాళ్లే 2011లో చీప్‌స్టాట్ అనే, వోల్టేజి ఇచ్చి కరెంటు కొలిచే పొటెన్షియోస్టాట్ నమూనాను అందరికీ తెరిచి పెట్టారు. అప్పట్లో విడిభాగాలకు 80 డాలర్ల లోపే అయ్యేది. ఫిజిక్స్ మేష్టారూ మేమూ కలిసి దాన్ని చూసి ఒకటి తయారుచేసుకున్నాం. ముద్రించిన ఎలక్ట్రోడ్ల మీద కొన్నిటికి యాంటీబాడీ, కొన్నిటికి హెయిర్‌పిన్ పోచ కట్టి, సగం ఫ్రిజ్‌లో, సగం ఫ్యాను కూడా లేని స్టోర్ రూములో ఇనుప బీరువాలో పెట్టారు. వారానికోసారి ఒక్కో ఎలక్ట్రోడు తీసి మటన్ కొట్టు రక్తంలో ముంచి కొలుస్తున్నారు. ఎండాకాలం సెలవుల్లో ఎవరు వచ్చి కొలవాలన్న దాని మీద ఇంకా తగువు తేలలేదు.